సున్నా ఎక్కడ పెట్టాలి: మోస్‌బౌవర్ కొలత పద్ధతి చుట్టూ ఏర్పడిన శాస్త్ర సమాజం

1958లో ‘జైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజిక్’ అనే జర్మన్ పత్రికలో రుడాల్ఫ్ మోస్‌బౌవర్ అనే ఇరవై తొమ్మిదేళ్ల పరిశోధకుడు ప్రకటించిన పత్రాన్ని ఆ ఏడాది గమనించినవారు చాలా కొద్దిమంది. మూడేళ్లు తిరిగేసరికి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆయన కనుగొన్న ప్రభావం ఆధారంగా రూపొందిన కొలత పద్ధతి లోహాలు, ఖనిజాలు, మట్టిపాత్రలు, ఉత్ప్రేరకాలు, రక్తంలోని హీమోగ్లోబిన్ వంటి ఒకదానితో ఒకటి పొంతన లేని పదార్థాలను పరీక్షించే వందలాది ప్రయోగశాలలకు ఉమ్మడి సాధనమైంది. ఈ వ్యాప్తికి కారణాన్ని సాధారణంగా ఆవిష్కరణ గొప్పదనంలోనే వెతుకుతారు గానీ, చరిత్రను దగ్గరగా చూస్తే ఆవిష్కరణ తర్వాత జరిగిన మూడు పనులకు అంతకు తక్కువ కాని పాత్ర ఉన్నట్టు తెలుస్తుంది: కొలతకు సున్నా ఎక్కడ పెట్టాలో అందరూ ఒప్పుకోవడం, అచ్చయిన ప్రతి కొలతనూ ఒకచోట పట్టికకు ఎక్కించడం, రాజకీయ సరిహద్దులకు రెండు వైపులా వంతులవారీగా సమావేశమవడం. ఈ మూడింటిలో ఏదీ నోబెల్ బహుమతి తెచ్చే పని కాదు, అయినా ఇవి లేకుంటే ఆ పద్ధతి నాలుగైదు భౌతికశాస్త్ర విభాగాల్లోనే మిగిలిపోయేది.

ప్రభావం స్వరూపం తెలిస్తేగాని ఈ చరిత్ర అర్థం కాదు. పరమాణు కేంద్రకం ఉత్తేజిత స్థితి నుంచి కిందికి దిగేటప్పుడు గామా కిరణాన్ని వెలువరిస్తుంది. అదే జాతికి చెందిన మరో కేంద్రకం ఆ కిరణాన్ని మింగి తాను ఉత్తేజితం కావడాన్ని అనునాద శోషణ అంటారు. అయితే పడవలోంచి ఒడ్డుకు దూకిన మనిషి పడవను వెనక్కి నెట్టినట్టే, వెలువడే కిరణం కూడా కేంద్రకాన్ని వెనక్కి తన్నుతుంది. ఆ వెనుదన్నుకు ఖర్చయిన శక్తి కిరణంలో తగ్గిపోవడం వల్ల ఎదుటి కేంద్రకానికి కావలసిన శక్తికీ, వచ్చిన శక్తికీ పొంతన కుదరదు. ఈ లోటును భర్తీ చేయడానికి 1950 దశకం ఆరంభంలో బర్మింగ్‌హామ్‌లో పి. బి. మూన్ గామా కిరణాలిచ్చే జనకాన్ని అతివేగంగా తిరిగే చక్రం అంచున పెట్టి, వాటిని మింగే శోషకం వైపు పరుగెత్తించాడు. స్వీడన్‌లో మాల్మ్‌ఫోర్స్ జనకాన్ని బాగా వేడి చేసి, పరమాణువుల కదలికను పెంచి, అదే ఫలితం సాధించాడు.

మ్యూనిక్ ఆచార్యుడు హైన్జ్ మయర్-లైబ్‌నిట్స్ శిష్యుడైన మోస్‌బౌవర్ హైడెల్‌బర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ వైద్య పరిశోధన సంస్థలో ఇరిడియం-191 అనే ఐసోటోపుపై ఈ దారిలోనే ప్రయోగాలు మొదలుపెట్టి, వేడి చేయడానికి బదులు చల్లార్చి చూశాడు. చల్లార్చితే శోషణ తగ్గాలి, కానీ పెరిగింది. దీనికి కారణాన్ని ఆయన, న్యూట్రాన్లను స్ఫటికాలు మింగే తీరుపై విల్లిస్ లాంబ్ 1939లో రాసిన సిద్ధాంతంలో కనుక్కున్నాడు. గట్టి స్ఫటికంలో బిగిసి ఉన్న కేంద్రకాల్లో కొన్ని వెనుదన్నును ఒంటరిగా భరించవు. మొత్తం స్ఫటికమే దాన్ని భరిస్తుంది కాబట్టి ఆ కిరణం శక్తిలో చెప్పుకోదగ్గ నష్టమే ఉండదు. దీన్ని రుజువు చేయడానికి జనకాన్ని తిరిగే బల్ల మీద పెట్టి సెకనుకు కొద్ది సెంటీమీటర్ల వేగంతో కదిపితే చాలు, డాప్లర్ ప్రభావం వల్ల శక్తి ఆ కాస్త మారి అనునాదం చెదిరిపోవాలి, చెదిరిపోయింది కూడా. ఆ బల్లను తిప్పడానికి కావలసిన పళ్ల చక్రాలను ఆయన పిల్లల ఆటవస్తువుల దుకాణాల్లో కొనితెచ్చాడు. తర్వాతి దశాబ్దాల్లో ఈ పద్ధతి పేద దేశాల విశ్వవిద్యాలయాలకు సైతం అందుబాటులోకి రావడానికి మూలం ఇక్కడే ఉంది: అతి సూక్ష్మమైన శక్తి భేదాన్ని నిదానమైన యాంత్రిక చలనంతో కొలవవచ్చునని తేలింది, అందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు.

అమెరికాలోని ఆర్గాన్, లాస్ అలమోస్ ప్రయోగశాలలు 1959లో ఈ ప్రయోగాన్ని తిరిగి చేసి నిజమేనని తేల్చాక పరిస్థితి ఒక్కసారిగా మారింది. అదే కాలంలో హార్వర్డ్‌లో పౌండ్, రెబ్కా, ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో షిఫర్, మార్షల్ విడివిడిగా ఇనుము-57 ఐసోటోపులో ఈ ప్రభావం గది ఉష్ణోగ్రత వద్దే బలంగా కనిపిస్తుందని గుర్తించారు. సహజమైన ఇనుములో ఈ ఐసోటోపు దాదాపు 2.1 శాతమే ఉన్నా కొలతకు అది సరిపోతుంది; దాని 14.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా రేఖ ఎంత సన్ననిదంటే, దాని వెడల్పు మొత్తం శక్తిలో పది లక్షల కోట్ల భాగాలకు మూడు భాగాలు మాత్రమే. ఈ సన్నదనాన్ని ఆసరా చేసుకొని పౌండ్, రెబ్కా 1960లో హార్వర్డ్ జెఫర్సన్ ప్రయోగశాల బురుజులో 22.5 మీటర్ల ఎత్తు తేడా వల్ల గురుత్వాకర్షణ గామా కిరణంలో తెచ్చే మార్పును కొలిచారు. అది పది కోట్ల కోట్ల భాగాల్లో రెండున్నర భాగాల మార్పు. జనకానికీ శోషకానికీ ఉష్ణోగ్రతలో ఒక్క డిగ్రీ తేడా ఉన్నా దాదాపు అంతే మార్పు వస్తుందని పౌండ్, రెబ్కాలు, కేంబ్రిడ్జిలో విద్యార్థిగా ఉన్న బ్రయన్ జోసెఫ్సన్ వేర్వేరుగా ఎత్తిచూపారు. పరమాణువు చలిస్తున్నంతసేపూ దాని గడియారం ఐన్‌స్టీన్ చెప్పినట్టు కాస్త మందగిస్తుంది, వేడి పెరిగితే చలనం పెరుగుతుంది, అందువల్ల రేఖ జరుగుతుంది. ఉష్ణోగ్రతను రాయని మోస్‌బౌవర్ కొలతకు పూర్తి విలువ ఉండదన్న నియమానికి మూలం ఈ గురుత్వ ప్రయోగంలోనే ఉందన్నది గమనించదగ్గ సంగతి. పదార్థ పరీక్షకులకు ఉపయోగపడిన క్రమశిక్షణ సాపేక్ష సిద్ధాంత పరీక్ష నుంచి వచ్చింది.

1960 జూన్‌లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలర్టన్ భవనంలో ఈ ప్రభావంపై జరిగిన తొలి సమావేశానికి వచ్చినవారిలో ఎక్కువమంది కేంద్రక భౌతికశాస్త్రజ్ఞులు. 1961లో పారిస్ దగ్గరి సాక్లేలో రెండవది, 1963లో కార్నెల్‌లో మూడవది జరిగాయి. ఇల్లినాయ్‌లో పనిచేస్తున్న హాన్స్ ఫ్రావెన్‌ఫెల్డర్ 1962లో ముఖ్యమైన పత్రాలన్నింటినీ ఒకే సంపుటిగా తెచ్చాడు. కొత్తగా ఈ రంగంలో అడుగుపెట్టేవారికి చాలా కాలం అదే తొలి పాఠ్యపుస్తకమైంది. ఇంతలో ఈ సమాజంలోని సభ్యుల నేపథ్యం మారసాగింది. 1960లో బ్రూక్‌హేవెన్‌లో కిస్ట్‌నర్, సన్యార్ ఐరన్ ఆక్సైడ్‌ను పరీక్షిస్తూ, కేంద్రకం వెలువరించే శక్తి ఆ పరమాణువు రసాయన బంధాన్ని బట్టి కాస్త జరుగుతున్నట్టు చూపారు. కేంద్రకం ఉన్నచోట ఎలక్ట్రాన్ సాంద్రత ఎంతుందో చెప్పే ఈ జరుగుడును ఐసోమర్ షిఫ్ట్ అంటారు. ఇనుము ఫెర్రస్ రూపంలో ఉందా, ఫెర్రిక్ రూపంలో ఉందా అన్న ప్రశ్నకు నమూనాను కరిగించకుండా, పగలగొట్టకుండా జవాబు చెప్పే మార్గం దీంతో దొరికింది. చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం సౌష్ఠవంగా లేకపోతే రేఖ రెండుగా చీలడం, అయస్కాంత క్షేత్రం ఉంటే ఆరుగా చీలడం మిగతా రెండు ఆనవాళ్లు. శుద్ధమైన ఇనుములో కేంద్రకం దగ్గర దాదాపు 33 టెస్లాల అయస్కాంత క్షేత్రం ఉన్నట్టూ, దాని దిశ ఇనుము అయస్కాంతీకరణ దిశకు ఎదురుగా ఉన్నట్టూ ఆర్గాన్‌లో హన్నా బృందం 1960లోనే చూపడం అయస్కాంత పదార్థాల పరిశోధకులను ఆశ్చర్యపరిచింది. రసాయన శాస్త్రజ్ఞులు, ఖనిజ శాస్త్రజ్ఞులు, లోహ శాస్త్రజ్ఞులు వరుసగా ఈ గుంపులో చేరడానికి దారి ఇలా పడింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1965లో వియన్నాలో ప్రత్యేకంగా రసాయన, ఘనస్థితి అనువర్తనాలపైనే నిపుణుల సదస్సు పెట్టింది.

ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. మోస్‌బౌవర్ వర్ణపటంలో అడ్డంగా ఉండే అక్షంపై శక్తికి బదులు వేగం ఉంటుంది, సెకనుకు మిల్లీమీటర్లలో. జనకం శోషకం వైపు వస్తే ధన వేగమా, దూరం జరిగితేనా అన్నది తొలినాళ్లలో ఎవరికి వారు తేల్చుకున్న విషయం. అంతకంటే చిక్కైనది సున్నా. కోబాల్ట్-57 అనే రేడియోధార్మిక ఐసోటోపు క్షయమై ఇనుము-57గా మారుతూ గామా కిరణాలిస్తుంది. దాన్ని ఏదో ఒక లోహంలోకి చొప్పించి జనకంగా వాడతారు. ఒక ప్రయోగశాల దాన్ని రాగిలో, మరొకటి పల్లాడియంలో, ఇంకొకటి క్రోమియంలో చొప్పించుకునేది. ఆ లోహాన్ని బట్టి జనకం శక్తి మారుతుంది కాబట్టి, ఎవరి జనకాన్ని వారు సున్నాగా తీసుకుంటే ఒకే ఖనిజానికి నాలుగు చోట్ల నాలుగు అంకెలు వచ్చేవి. తుప్పు పట్టని ఉక్కు రేకును సున్నాగా తీసుకున్నవారూ, మామూలు ఇనుప రేకును తీసుకున్నవారూ ఉన్నారు. రసాయనజ్ఞులు చాలామంది సోడియం నైట్రోప్రుస్సైడ్ అనే ఎర్రటి స్ఫటికాన్ని ఇష్టపడ్డారు, ఎందుకంటే అది స్పష్టమైన జంట రేఖను ఇస్తుంది, చక్కటి స్ఫటికంగా పెంచుకోవచ్చు, అందులో ఇనుము స్థితి నమూనాకు నమూనాకు మారదు. అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ దాన్నే ప్రామాణిక నమూనాగా విడుదల చేసింది.

ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. గది ఉష్ణోగ్రత వద్ద నైట్రోప్రుస్సైడ్ రేఖల మధ్యబిందువు ఇనుప రేకు మధ్యబిందువుకు సెకనుకు దాదాపు 0.26 మిల్లీమీటర్లు దిగువన ఉంటుంది. ఒక ఫెర్రిక్ సమ్మేళనానికి ఇనుప రేకుతో పోల్చి 0.35 అని ఒకరు రాస్తే, నైట్రోప్రుస్సైడ్‌తో పోల్చిన మరొకరు అదే పదార్థానికి 0.61 అని రాస్తారు. ఫెర్రస్ సమ్మేళనాలు ఇనుప రేకు లెక్కన సాధారణంగా 1కి పైన ఉంటాయి కనుక, దేనితో పోల్చారో చెప్పకుండా 0.61 అని మాత్రమే అచ్చేస్తే చదివినవారు దాన్ని ఫెర్రిక్‌కూ ఫెర్రస్‌కూ నడిమి స్థితిగా పొరబడే అవకాశం ఉంది. కొత్త రసాయన స్థితిని కనుగొన్నామనుకునే ప్రమాదం ఒక్క అడుగు దూరంలోనే ఉండేదన్నమాట. చివరకు నైట్రోప్రుస్సైడ్‌ను వెనక్కి నెట్టి ఇనుప రేకు నిలవడానికి కారణం సిద్ధాంతం కంటే సౌకర్యమేనని చెప్పాలి. ప్రతి ప్రయోగశాలలో ఇనుప రేకు ఎలాగూ ఉంటుంది, ఎందుకంటే దాని ఆరు రేఖల్లో రెండు చివరి రేఖల మధ్య దూరం సెకనుకు 10.6 మిల్లీమీటర్లని తెలుసు కాబట్టి యంత్రం వేగాన్ని సరిచూసుకోవడానికి అందరూ దాన్నే వాడేవారు. కొలబద్దగా వాడే రేకునే సున్నాకు కూడా వాడితే రెండో నమూనా అవసరం తీరిపోతుంది. శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్రాల అంతర్జాతీయ సమాఖ్య 1976లో ఈ రంగానికి పరిభాష, సంకేతాలు, నివేదించే పద్ధతి ఖరారు చేస్తూ ప్రచురించిన సిఫారసుల్లో, జనకం శోషకానికి చేరువయ్యే వేగమే ధన వేగమని కూడా తేల్చింది.

ఒప్పందం కాగితంపై ఉంటే చాలదు, దాన్ని రోజూ అమలు చేసేవారు కావాలి. ఆ పాత్రను ఒక పట్టిక పోషించింది. కాలిఫోర్నియాలో నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసే ఆర్థర్ మ్యూర్, కెన్ ఆండో, హెలెన్ కూగన్ 1958 నుంచి 1965 వరకు అచ్చయిన మోస్‌బౌవర్ కొలతలన్నింటినీ ఐసోటోపుల వారీగా కూర్చి 1966లో సూచికగా ప్రచురించారు. ఆ పనిని అందుకొని దశాబ్దాల పాటు సాగించినవారు నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆష్‌విల్ ప్రాంగణంలోని జాన్ స్టీవెన్స్, వర్జీనియా స్టీవెన్స్ దంపతులు. ఆష్‌విల్ పెద్ద పరిశోధన క్షేత్రం కాదు. కొండల మధ్య ఉన్న చిన్న పట్టణం, ప్రధానంగా డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే కళాశాల. అలాంటి చోట ఒక ప్రపంచ సమాజానికి స్మృతి భాండాగారం వెలసిందంటే అది ఆ ఇద్దరి ఓర్పు ఫలితమే, ఆ ఓర్పుకు శాస్త్ర చరిత్ర ఇంకా తగిన గౌరవం ఇవ్వలేదు. 1969 నాటి పత్రాలతో మొదలై ఏడాదికొక సంపుటి వచ్చింది. 1978 నుంచి అది మోస్‌బౌవర్ సమాచార కేంద్రం వెలువరించే పత్రికగా మారింది. ఏ భాషలో అచ్చయినా, ఏ దేశంలో అచ్చయినా, ప్రతి పత్రాన్నీ చదివి ఏ ఐసోటోపు, ఏ పదార్థం, ఏ ఉష్ణోగ్రత, ఏ జనకం, ఐసోమర్ షిఫ్ట్ ఎంత, దేనితో పోల్చి అన్న గడులు నింపడమే అక్కడి పని. ఈ గడుల ప్రభావం కేవలం వెతుకులాటకు పరిమితం కాలేదు. గడి ఖాళీగా ఉంటే అది కనిపిస్తుంది. దేనితో పోల్చారో రాయని కొలత పట్టికలో కుంటిదవుతుంది.

మూడవ పని సమావేశాలది. 1969లో హంగరీలోని తిహాన్యీలోనూ, 1971లో తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్‌లోనూ, 1975లో పోలండ్‌లోని క్రాకోవ్‌లోనూ, 1983లో సోవియట్ కజకిస్తాన్‌లోని అల్మా-అటాలోనూ సదస్సులు జరిగాయి. వాటి నడుమ ఫ్రాన్స్, గ్రీసు, జపాన్, యుగోస్లావియా దేశాల్లోనూ జరిగాయి. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో పాశ్చాత్య దేశాల శాస్త్రజ్ఞులు తూర్పు ఐరోపాకు వెళ్లడమూ, తూర్పువారు ఇటు రావడమూ వీసాలతో, అనుమతులతో ముడిపడిన వ్యవహారం. వేదిక అటూ ఇటూ మారుతూ ఉంటే ఒకసారి రాలేనివారు మరోసారైనా రాగలిగేవారు. మాస్కోలో విటాలీ గోల్డాన్‌స్కీ బృందం తగరం-119 ఐసోటోపుతో రసాయన సమ్మేళనాల అధ్యయనంలో ముందుండేది. ఆ గోల్డాన్‌స్కీ, అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రోల్ఫ్ హెర్బర్ కలిసి సంపాదకత్వం వహించిన మోస్‌బౌవర్ రసాయన అనువర్తనాల గ్రంథం 1968లో న్యూయార్క్‌లో వెలువడింది. సోవియట్ సేనలు చెకోస్లొవేకియాలోకి ప్రవేశించిన ఏడాది అది.

1981లో ఈ సదస్సు జైపూర్‌కు వచ్చింది, దాని పత్రాల సంపుటిని భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రచురించింది. 2007లో మళ్లీ భారతదేశంలోనే, కాన్పూర్‌లో జరిగింది. భారతదేశానికి ఈ పద్ధతి ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు. వేగాన్ని నియంత్రించే చలన యంత్రం, గామా కిరణాలను లెక్కించే పరికరం స్థానికంగా సమకూర్చుకోవచ్చు. తెప్పించుకోక తప్పనిది ముఖ్యంగా కోబాల్ట్-57 జనకం. దాని అర్ధాయువు దాదాపు 272 రోజులు, అంటే తొమ్మిది నెలల్లో దాని బలం సగమవుతుంది, ఒక్కో వర్ణపటానికి పట్టే సమయం రెట్టింపవుతుంది. తక్కువ నిధులున్న ప్రయోగశాలకు ఇది ఎప్పుడూ ఉండే బెంగ, అందుకే ఈ సమాజంలో బలహీనమైన జనకంతో నాలుగైదు రోజులు ఓపికగా లెక్కింపు నడిపి తెచ్చిన ఫలితాలకు ఎప్పుడూ చోటుండేది. భారతీయ పదార్థాలపై ఈ పద్ధతి ఇచ్చిన ఫలితాల్లో ఢిల్లీ ఇనుప స్తంభం గురించినది ప్రసిద్ధం. ఐఐటీ కాన్పూర్‌కు చెందిన లోహశాస్త్రజ్ఞుడు ఆర్. బాలసుబ్రమణ్యం, ఎ. వి. రమేశ్ కుమార్ 2000లో ప్రకటించిన పత్రంలో స్తంభం మీది పలచని తుప్పు పొరను ఎక్స్-కిరణ వివర్తనం, పరారుణ వర్ణపటం, మోస్‌బౌవర్ వర్ణపటం మూడింటితో పరీక్షించి, అందులో ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్లతో పాటు స్ఫటిక రూపంలో ఉన్న ఐరన్ హైడ్రోజన్ ఫాస్ఫేట్ హైడ్రేట్‌ను గుర్తించారు. పాతకాలపు ఇనుములో ఎక్కువగా ఉన్న భాస్వరమే ఈ రక్షణ పొరకు కారణమన్న వాదనకు ఇది గట్టి ఆధారమైంది.

సున్నా, ఉష్ణోగ్రత, నమోదుల గురించిన ఈ ఒప్పందాలకు భూమికి బయట పరీక్ష ఎదురైంది 2004లో. మైన్స్ నగరంలో గోష్టార్ క్లింగెల్‌హోఫర్ బృందం అర కిలో కూడా లేని తలభాగంతో రూపొందించిన సూక్ష్మ వర్ణపట మాపకాన్ని నాసా స్పిరిట్, ఆపర్చునిటీ అనే రెండు వాహనాల చేతులకు అమర్చి కుజుడి మీదికి పంపింది. మెరిడియాని మైదానంలో ఆపర్చునిటీ జారోసైట్ అనే ఖనిజాన్ని గుర్తించింది. దాని నిర్మాణంలో హైడ్రాక్సిల్ ఉంటుంది, ఆమ్ల స్వభావం గల నీళ్లలో ఏర్పడుతుంది, అందువల్ల ఒకప్పుడు అక్కడ నీరుండేదన్న వాదనకు బలం చేకూరింది. కొలంబియా కొండల్లో స్పిరిట్ గోయథైట్ అనే మరో ఖనిజాన్ని కనుగొంది. కుజుడి మీది ఉష్ణోగ్రత పగటికీ రాత్రికీ విపరీతంగా మారుతుంది కాబట్టి కొలతలను ఉష్ణోగ్రతల వారీగా విడదీసి నమోదు చేయవలసి వచ్చింది. సరిచూసుకోవడానికి మాగ్నెటైట్ అధికంగా ఉన్న రాతి పలకను వాహనాలే తమతో తీసుకువెళ్లాయి. అక్కడి రేఖలను పోల్చి ఖనిజాల పేర్లు పెట్టడానికి శాస్త్రజ్ఞులు ఆశ్రయించినది భూమి మీద నలభై ఏళ్లుగా ఒకే సున్నాతో పేరుకున్న కొలతలనే. కోబాల్ట్ బలం తగ్గేకొద్దీ ఒక్కో రాయికి పట్టే సమయం పెరిగి, చివరి సంవత్సరాల్లో ఆ మాపకాన్ని వాడటం కష్టమైంది.

అప్పటికే ఐరోపా, అమెరికా, జపాన్‌లలోని సింక్రోట్రాన్ యంత్రాలు వెలువరించే ఎక్స్-కిరణాలతో రేడియోధార్మిక జనకం లేకుండానే కేంద్రకాల అనునాదాన్ని పరిశీలించే పద్ధతులు స్థిరపడ్డాయి. 1985లో హాంబర్గ్‌లో ఎరిక్ గెర్దావ్ బృందం చేసిన ప్రయోగం వాటికి మొదటి మెట్టు. కొన్ని పెద్ద కేంద్రాలకే పరిమితమైన ఈ కొత్త మార్గం, చిన్న ప్రయోగశాలల సమాజానికి ప్రత్యామ్నాయం కాలేదు. ఆష్‌విల్‌లోని సమాచార కేంద్రం 2010లో చైనాలోని డాలియన్ రసాయన భౌతికశాస్త్ర సంస్థకు మారింది. పదుల వేల పత్రాల దస్త్రాలు, పట్టికలు, పత్రిక అన్నీ దానితో వెళ్లాయి, 2019లో అంతర్జాతీయ సదస్సు కూడా డాలియన్‌లోనే జరిగింది. ఉత్ప్రేరకాల పరిశోధనలో ఇనుము పాత్ర ప్రధానమైన ఆ సంస్థలో ప్రతి కొత్త పత్రానికీ ఆష్‌విల్‌లో మొదలైన గడులనే నింపుతున్నారు, 1976కు ముందు నైట్రోప్రుస్సైడ్‌తో పోల్చి రాసిన విలువలను వాడదలచినవారు ఇప్పటికీ వాటిలోంచి 0.26 తీసివేసి ఇనుప రేకు లెక్కకు మార్చుకుంటున్నారు.